మట్టి పరీక్ష మొక్కుబడే.. పునాదికి భరోసా ఏదీ?

* నల్లరేగడిలో వేసవి అంకెను నమ్మితే వానాకాలంలో ముప్పు
* సుత్తి దెబ్బలు లెక్కించే చోట పర్యవేక్షణ కరవు
* లేఅవుటుకొక నివేదిక ఇస్తే పేదల ఇళ్లకు రక్షణ

గుంటూరు: ఇల్లు కట్టదలచిన గృహస్థు ముందుగా ముహూర్తం చూస్తాడు. ఈశాన్యం పెరిగిందో తగ్గిందో కొలిపిస్తాడు. వీధిపోటు ఉందేమోనని నలుగురిని అడుగుతాడు. ఇనుము ఏ కంపెనీది, సిమెంటు ఏ గ్రేడుది అని ఆరా తీస్తాడు. ఇన్ని చూసినవాడు ఆ ఇంటి బరువంతా తరతరాలు మోయవలసిన నేలను మాత్రం చూడడు. మేస్త్రీ గునపంతో నాలుగు పోట్లు పొడిచి 'గట్టి తగిలింది' అంటే చాలు, కాంక్రీటు పడిపోతుంది. మూడో వానాకాలం నాటికి గోడ మూలనుంచి ఏటవాలుగా పగులు బయలుదేరినప్పుడు నేల సంగతి గుర్తుకు వస్తుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ, పెట్టవలసిన ఖర్చు ఎక్కువ.

గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా 2022లో పునర్విభజన జరిగిన ఈ ప్రాంతంలో ఒక ఊరి నేలకు, మరో ఊరి నేలకు పొంతన ఉండదు. సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట పరిసరాల్లో లోతైన నల్లరేగడి. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు కొద్ది లోతులోనే సున్నపురాయి. తెనాలి, రేపల్లె డెల్టాలో కాలువ నీటితో తడిసే బంకమట్టి. బాపట్ల తీరంలో ఇసుక. నేల ఇన్ని రకాలుగా ఉన్నచోట పునాది మాత్రం ఒకే రకంగా, ఒకే లోతున వేయడం అలవాటైపోయింది. బహుళ అంతస్తుల భవనాల అనుమతి కోసం మట్టి పరీక్ష నివేదిక జత చేస్తున్నా, చాలాచోట్ల అది దస్త్రం నింపే కాగితంగానే మిగిలిపోతోంది.

ఏమిటీ పరీక్ష?

నిర్మాణ స్థలంలో నేల బలాన్ని తెలుసుకోవడానికి మన దేశంలో ఎక్కువగా చేసేది స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్. ఇంజినీర్లు దీనినే ఎస్‌పీటీ అంటారు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2131 పేరుతో దీని విధానాన్ని నిర్దేశించింది. మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి నేలలోకి బోరు దించుతారు. నిర్ణీత లోతుకు చేరాక అడుగు శుభ్రం చేసి, నిలువుగా రెండు బద్దలుగా విడదీయగలిగే ఉక్కు గొట్టాన్ని కడ్డీల చివర అమర్చి దించుతారు. దాని బయటి వ్యాసం సుమారు 51 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు.

ఆ కడ్డీలపై 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి పదేపదే వదులుతారు. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలను లెక్కలోకి తీసుకోరు. బోరు తవ్వినప్పుడు అడుగున కదిలిన మట్టి ఆ మేరకు ఉంటుందన్నది కారణం. ఆ తర్వాతి రెండు 15 సెంటీమీటర్లకు, అంటే మొత్తం 30 సెంటీమీటర్లకు పట్టిన దెబ్బల సంఖ్యే 'ఎన్ విలువ'. సాధారణంగా ప్రతి ఒకటిన్నర మీటరుకు, లేదా మట్టి పొర మారిన ప్రతిచోట ఈ పరీక్ష జరపాలి. గొట్టాన్ని పైకి తీసి విప్పితే ఆ లోతులోని మట్టి కూడా చేతికి వస్తుంది. నేల ఎంత గట్టిదో అంకె చెబితే, అది ఏ రకం మట్టో నమూనా చెబుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలో మొదలైన ఈ పద్ధతికి, కార్ల్ టెర్జాగీ, రాల్ఫ్ పెక్ 1948లో వెలువరించిన గ్రంథంతో ప్రపంచవ్యాప్తంగా ఆదరణ లభించింది. ఇసుక నేలలో ఎన్ విలువ 4 లోపు ఉంటే చాలా వదులు, 10 నుంచి 30 మధ్య ఉంటే మధ్యస్థం, 50 దాటితే చాలా దట్టం. బంకమట్టిలో 2 లోపు అయితే వేలితో నొక్కితే దిగిపోయేంత మెత్తన, 30 దాటితే బాగా గట్టి. ఈ అంకెల నుంచి, ప్రయోగశాల ఫలితాల నుంచి నేల భారవాహక శక్తిని, అంటే చదరపు మీటరుకు ఎన్ని టన్నులు సురక్షితంగా మోయగలదన్న దానిని లెక్కగడతారు.

ఆ లెక్క ఎంత ముఖ్యమో చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. ఒక పిల్లరు మీద 40 టన్నుల బరువు పడుతుందనుకుంటే, చదరపు మీటరుకు 20 టన్నులు మోసే నేలలో 2 చదరపు మీటర్ల ఫుటింగ్ సరిపోతుంది. 10 టన్నులే మోసే నేలలో 4 చదరపు మీటర్లు కావాలి. మొదటి లెక్కతో రెండో నేలలో కట్టిన ఇల్లు కుంగక తప్పదు. అన్ని పిల్లర్లూ సమంగా కుంగితే ఇంటికి వచ్చే నష్టం తక్కువ. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కుంగినప్పుడే బీములు, గోడలు పగులుతాయి.

వేసవిలో రాయి.. వానలో ముద్ద

ఈ ప్రాంతానికి సంబంధించినంతవరకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. నల్లరేగడి మే నెలలో ఎండి నెర్రెలిస్తుంది. మనిషి చెయ్యి దూరేంత పగుళ్లు పడిన ఆ మట్టి గడ్డలు రాయిలా ఉంటాయి. అప్పుడు ఎస్‌పీటీ చేస్తే పైపొరల్లో ఎన్ విలువ ఘనంగా వస్తుంది. అదే మట్టి శ్రావణ భాద్రపదాల్లో నీరు పీల్చి ఉబ్బి, కాలు పెడితే దిగబడుతుంది. అప్పుడు అదే చోట అదే పరీక్ష చేస్తే అంకె బాగా పడిపోతుంది. రెండు అంకెలూ నిజమే. అయితే ఇల్లు నిలవవలసింది రెండో అంకె మీద.

నిర్మాణాలకు అనువైన కాలం వేసవి కనుక పరీక్షలూ ఎక్కువగా ఆ రోజుల్లోనే జరుగుతాయి. నివేదికలో పరీక్ష తేదీ ఉంటుంది గానీ, ఆ అంకె వానాకాలంలో ఎంతకు తగ్గవచ్చునన్న వివరణ ఉండాలని పట్టుబట్టేవారు తక్కువ. మట్టిని నీటిలో నానబెట్టి బలం కొలిచే ప్రయోగశాల పరీక్షలు జరిపి, ఆ ఫలితం మీదనే పునాది లెక్క కట్టాలని భూసాంకేతిక నిపుణులు ఎంతోకాలంగా చెబుతున్నారు.

రెండో లోపం మరింత సూక్ష్మమైనది. సుత్తి దెబ్బ నేల గట్టిదనాన్ని కొలుస్తుంది తప్ప ఉబ్బే గుణాన్ని కొలవదు. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం నీటిని పొరల మధ్యకు లాక్కుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దీనిని పట్టుకోవాలంటే 'ఫ్రీ స్వెల్' పరీక్ష, ఉబ్బు పీడనం పరీక్ష చేయాలి. మొదటిదానికి కావలసినవి పొడి చేసిన కొద్దిపాటి మట్టి, రెండు గాజు గొట్టాలు, నీరు, కిరోసిన్. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. రెండింటి తేడాయే ఫలితం. ఇంత చవకైన పరీక్ష కూడా లేకుండా ఎన్ విలువ ఒక్కటే చూసి పునాది నిర్ణయించడం, రోగి బరువు చూసి జ్వరానికి మందు రాయడం వంటిదే.

ఇందులో సామాన్యులు గమనించవలసిన మరో సంగతి ఉంది. నల్లరేగడిలో మేడల కంటే ఒంటి అంతస్తు ఇళ్లు, ప్రహరీ గోడలు ఎక్కువగా పగులుతాయి. ఉబ్బే మట్టి కిందినుంచి పైకి తోస్తుంది. మేడ బరువు ఆ తోపును కొంతవరకు అణచగలదు. చిన్న ఇంటికి ఆ బరువు ఉండదు. 'చిన్న ఇల్లే కదా, పరీక్ష ఎందుకు' అనే మాట ఇతర నేలల్లో కొంత చెల్లవచ్చు గానీ, రేగడి నేలలో చెల్లదు.

కాలువకు నీరొస్తే లెక్క తారుమారు

డెల్టా మండలాల్లో సమస్య మరో రూపంలో ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు భూగర్భ జలమట్టం దిగిపోతుంది. కాలువలకు నీరు వదిలి, పొలాలకు నీరు పెట్టాక పైకి వస్తుంది. ఇసుక పొరమీద వేసిన ఫుటింగ్ స్థాయికి నీరు చేరితే ఆ నేల భారవాహక శక్తి దాదాపు సగానికి పడిపోతుందని భూసాంకేతిక శాస్త్రం చెబుతుంది. మే నెలలో బోరు దించి 'నీరు తగలలేదు' అని రాసిన నివేదిక ఆగస్టు నాటికి అక్కరకు రాదు. ఏడాదిలో అత్యధిక జలమట్టం ఎక్కడికి వస్తుందో ఊళ్లోని పాత బావులు చెబుతాయి. ఆ బావుల్లో నీటి మట్టం ఆరా తీసి నివేదికలో రాయడానికి పైసా ఖర్చు కాదు.

తీరప్రాంతపు వదులు ఇసుకకు మరో ప్రమాదం ఉంది. నీటితో నిండిన వదులు ఇసుక బలమైన భూకంపం వచ్చినప్పుడు ద్రవంలా మారి బలాన్ని కోల్పోతుంది. ఒంగోలు పరిసరాల్లో 1967లో భూకంపం వచ్చిన విషయం పాతతరానికి తెలిసిందే. ఇటువంటి నేలలను గుర్తించడానికి ఎన్ విలువే ప్రధాన ఆధారం. ఇసుక నేలల్లో ఈ పరీక్ష చూపే ప్రయోజనం బంకమట్టిలో కంటే ఎక్కువ. లోతైన మెత్తటి బంకమట్టిలో సుత్తి దెబ్బల కంటే కోన్ పరీక్ష మేలు. 60 డిగ్రీల మొన, 10 చదరపు సెంటీమీటర్ల అడ్డుకోత ఉన్న శంకువును సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున నేలలోకి నెట్టుతూ నిరోధాన్ని ఎడతెగకుండా నమోదు చేస్తారు. అయితే దీనిలో మట్టి నమూనా చేతికి రాదు. అందువల్ల పక్కనే ఒక బోరు అవసరం తప్పదు.

దెబ్బ సరిగా పడితేనే అంకె సరైనది

పేరులో 'స్టాండర్డ్' ఉన్నంత మాత్రాన పరీక్ష ప్రామాణికంగా జరిగినట్లు కాదు. సుత్తిని తాడుతో లాగి చేతి అంచనాతో వదిలేచోట 75 సెంటీమీటర్ల ఎత్తు ప్రతిసారీ పాటించడం కష్టం. డ్రమ్ముకు తాడు ఎక్కువ చుట్లు తిప్పితే రాపిడి వల్ల సుత్తి వేగం తగ్గి, దెబ్బలో బలం పోతుంది. దెబ్బ బలహీనమైతే దెబ్బల సంఖ్య పెరుగుతుంది. సంఖ్య పెరిగితే నేల ఉన్నదానికంటే గట్టిదని నివేదిక వస్తుంది. అంటే పనిలో అశ్రద్ధ ఎక్కువైన కొద్దీ కాగితం మీద నేల బలపడుతుంది. ఈ పరీక్షలో అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం ఇదే.

బోరు అడుగున కూలిన మట్టిని తీయకుండానే గొట్టం దించడం, ఇసుక పొరల్లో బోరులోని నీటిమట్టాన్ని బయటి జలమట్టం కంటే తగ్గనివ్వడం, గులకరాయి అడ్డుపడి పెరిగిన అంకెను నేల బలంగా భావించడం తరచు జరిగే ఇతర పొరపాట్లు. నీటిమట్టం తగ్గితే అడుగునుంచి ఇసుక ఉబికి వదులై అంకె తగ్గుతుంది, గులకరాయి తగిలితే పెరుగుతుంది. ఈ కారణంగానే సుత్తి శక్తికి, లోతుకు తగిన సవరణలు చేశాకే ఎన్ విలువను వాడాలి. నివేదికలో క్షేత్రంలో వచ్చిన అంకె, సవరించిన అంకె రెండూ విడివిడిగా కనిపించాలి. రెంటిలో ఒకటే ఉంటే అడిగే హక్కు డబ్బు కట్టిన యజమానికి ఉంది.

ఇక బోరు దించకుండానే పక్క స్థలం నివేదికలో పేరు, సర్వే నంబరు మార్చి ఇచ్చే బాపతు గురించి నిర్మాణ రంగంలో ఉన్నవారే బాహాటంగా చెప్పుకుంటారు. పక్క స్థలంలో గట్టిగా ఉంది కాబట్టి ఇక్కడా గట్టిగానే ఉంటుందన్నది వారి వాదన. పూడిపోయిన పాత బావి, చెరువు అలుగు, కప్పెట్టిన కాలువ, ఒకప్పటి ఇటుక బట్టీ గొయ్యి పది గజాల దూరంలోనే నేలను మార్చేస్తాయి. పట్టణాల అంచున పొలాలు లేఅవుట్లుగా మారిన ప్రతిచోట ఇటువంటివి ఉంటాయి.

ఎన్ని బోర్లు? ఎంత లోతు?

భూగర్భ పరిశోధనకు సంబంధించిన ఐఎస్ 1892 ప్రమాణం ఈ విషయంలో సామాన్యుడిని భయపెట్టదు. 1979 నాటి ప్రతి ప్రకారం సుమారు 0.4 హెక్టారు, అంటే మన లెక్కలో దాదాపు ఎకరం స్థలంలో కట్టే భవనానికి నాలుగు మూలలా ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి చొప్పున బోర్లు లేదా పరీక్ష గోతులు సరిపోతాయి. చిన్న భవనానికైతే మధ్యలో ఒక్క బోరు లేదా ఒక్క గొయ్యి చాలు. పునాది అడుగునుంచి ఫుటింగ్ వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్ల లోతువరకు పరిశీలించాలన్నది సాధారణ సూత్రం. ఈ ప్రమాణాన్ని 2021లో సవరించారు.

ప్రతి ఇంటికీ లోతైన బోర్లు దించాలని ఎవరూ అనడం లేదు. ఒక గొయ్యి తవ్వి, మట్టి నమూనాను ప్రయోగశాలకు పంపినా చిన్న ఇంటికి ఎంతో మేలు. నిజానికి గొయ్యి తవ్వి చూడటం మనకు కొత్త కాదు. తీసిన మట్టితోనే గోతిని తిరిగి పూడ్చి, మట్టి మిగిలితే మంచి నేల అని, తక్కువైతే కాదని నిర్ణయించే పద్ధతి ప్రాచీన వాస్తు గ్రంథాల్లోనే ఉంది. దిక్కులు చూసే భాగాన్ని నిలుపుకొని నేలను చూసే భాగాన్ని విడిచిపెట్టడమే విచిత్రం.

రాజధానికి ఐఐటీ.. పేదల కాలనీకి గునపం

నేలను, పునాదిని పరీక్షించే పరిజ్ఞానం ఈ ప్రాంతానికి దూరంగా లేదు. దేశం నలుమూలల నుంచి భూసాంకేతిక ఇంజినీర్లు తరలివచ్చిన వార్షిక జాతీయ సదస్సు 2009 డిసెంబరులో గుంటూరులోనే జరిగింది. అమరావతిలో సచివాలయ టవర్లకు 2018 డిసెంబరులో రాఫ్ట్ పునాది పనులు ప్రారంభమయ్యాయి. 2019 తర్వాత పనులు నిలిచిపోయి ఆ పునాదులు ఏళ్ల తరబడి నీటిలో ఉండిపోయాయి. మళ్లీ పనులు చేపట్టే ముందు 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులను రప్పించి వాటి పటుత్వాన్ని పరిశీలింపజేశారు. అది సరైన నిర్ణయం. వేల కోట్ల నిర్మాణానికి అంత జాగ్రత్త అవసరమే.

ఆ జాగ్రత్తలో పదో వంతు కూడా పేదల కాలనీల విషయంలో కనబడలేదన్నదే బాధాకరం. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో సుమారు 30 లక్షల ఇళ్ల స్థలాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం, ఇంటికి రూ.1.80 లక్షల సాయం ప్రకటించారు. భూమి దొరకని చోట పల్లపు పొలాలను సేకరించి మెరక తోలి లేఅవుట్లు వేశారు. అడుగున రేగడి, పైన కొత్తగా తోలిన వదులు మట్టి ఉన్న చోట పునాది ఎంత లోతుకు వెళ్లాలన్నది లబ్ధిదారుకు ఎవరు చెప్పాలి? మెరక మట్టి తనంతట తాను కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. పొరలు పొరలుగా పోసి, తడిపి, రోలరు తిప్పితే తప్ప అది భారం మోయదు. మెరకను దాటి అసలు నేలలోకి పునాది దించితేనే ఇల్లు నిలుస్తుంది.

అప్పు చేసి, పుస్తెలు కుదువబెట్టి ఇల్లు లేపుకున్న కూలీకి రెండోసారి కట్టుకునే శక్తి ఉండదు. మేడ కట్టిన ఆసామి పగుళ్లకు మరమ్మతు చేయించుకోగలడు. సెంటున్నర ఇంటివాడు పగులు కింద పడుకోక తప్పదు. పరీక్ష ఎవరికి అత్యవసరమో వారికే అది అందుబాటులో లేకుండా పోతోంది.

గొయ్యి తీసినా నేల మాట వినాలి

మట్టి పరీక్ష పునాది కోసమే అనుకోవడం కూడా పొరపాటే. సెల్లారు కోసం ఎంత లోతు తవ్వవచ్చు, పక్కలను ఎంత ఏటవాలుగా ఉంచాలి, ఎక్కడ అడ్డుగోడ కట్టాలి అన్నది చెప్పవలసిందీ ఆ నివేదికే. గుంటూరు లక్ష్మీపురంలో 2016 మే నెలలో భవన నిర్మాణానికి తీసిన లోతైన గోతిలో మట్టిపెళ్లలు విరిగిపడి ఏడుగురు కూలీలు మరణించిన దుర్ఘటనను నగరం మరువలేదు. హైదరాబాద్ గచ్చిబౌలిలోని సిద్ధిఖ్ నగర్‌లో 2024 నవంబరులో పక్క స్థలంలో గొయ్యి తవ్వడంతో చిన్న జాగాలో కట్టిన బహుళ అంతస్తుల భవనం ఒక పక్కకు ఒరిగిపోయింది. అందులోనివారిని ఖాళీ చేయించి భవనాన్ని అధికారులు కూల్చివేశారు. గొయ్యి ఒకరిది, ఒరిగింది మరొకరి ఇల్లు.

నేలను తక్కువ అంచనా వేస్తే భారీ ప్రభుత్వ నిర్మాణానికైనా మినహాయింపు ఉండదు. కాళేశ్వరం ఎత్తిపోతలలో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరు 21న కుంగాయి. పరిశీలించిన జాతీయ డ్యాం భద్రతా సంస్థ నిపుణులు పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని, ఆ ఇసుక భారం మోయలేకపోవడాన్ని కారణాలుగా ఉండగల అంశాల్లో పేర్కొన్నారు.

మార్గాలున్నాయి

రేగడి నేల అని తేలినంత మాత్రాన ఇల్లు కట్టరాదని కాదు. రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ రూపుదిద్దిన అండర్ రీమ్డ్ పైల్స్ ఇందుకు తగిన పరిష్కారం. సన్నని పైలు అడుగున గంటలా వెడల్పైన బల్బు ఉంటుంది. అది నేల తేమ మారని లోతులో పట్టుకుని నిలుస్తుంది. లోతైన రేగడిలో ఈ పైలు కనీసం 3.5 మీటర్లు దిగాలని ప్రమాణాలు చెబుతున్నాయి. ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి పరిశోధనల ఫలితంగా ఉబ్బని జిగురు మట్టిని పొరగా పరచి ఉబ్బును అణచే పద్ధతీ వాడుకలోకి వచ్చింది.

మన ఊళ్లలో ఎక్కువమంది నమ్మేది మాత్రం ఫుటింగ్ కింద ఇసుక పోయడం. ఇసుక నీటిని నిలుపుకుని అడుగునున్న రేగడికి అందిస్తే మేలుకు బదులు కీడు జరిగే అవకాశం ఉంది. ఇంటి చుట్టూ రెండు మూడు అడుగుల సిమెంటు అరుగు వేసి వాన నీరు గోడ పక్కన నిలవకుండా చూడటం, స్నానాల గది నీటిని, సెప్టిక్ గోతిని పునాదికి దూరంగా ఉంచడం, పెద్ద చెట్లను గోడకు ఆనించి పెంచకపోవడం ఎవరైనా పాటించగలిగిన జాగ్రత్తలు.

ఏం చేయాలి?

ఖర్చు భరించలేమన్న సాకు పూర్తిగా నిలవదు. చిన్న స్థలంలో ఒక బోరుకు అయ్యేది వేలల్లో ఉంటే, పునాది చెడిన ఇంటికి మరమ్మతు లక్షల్లో ఉంటుంది. అయినా సెంటున్నర స్థలంవారిని ఆ వేలు పెట్టమనడం న్యాయం కాదు. అక్కడ ప్రభుత్వమే ముందుకు రావాలి. లేఅవుటుకు కొన్ని బోర్లు చొప్పున దించి, ఏ బ్లాకులో ఎంత లోతున ఎటువంటి నేల ఉందో, ఏ పునాది వేయాలో తెలుగులో రాసి సచివాలయం గోడకు అంటిస్తే వందల కుటుంబాలకు ఒకే నివేదిక సరిపోతుంది.

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల్లో మట్టి ప్రయోగశాలలు ఉన్నాయి. విద్యార్థుల ప్రాజెక్టులతో, నామమాత్రపు రుసుముతో గ్రామాల నమూనాలను పరీక్షించే ఏర్పాటు చేస్తే అటు చదువుకూ ఇటు ప్రజలకూ ఉపయోగం. పురపాలక సంఘాలకు అందే నివేదికలు అటకెక్కకుండా వార్డుల వారీగా భద్రపరచి పటం తయారు చేస్తే, కొద్ది ఏళ్లలోనే పట్టణం మొత్తం నేల గుణం కళ్లకు కడుతుంది. పక్క స్థలం కాగితాన్ని మార్చి ఇచ్చేవారి బండారమూ బయటపడుతుంది. పరీక్ష జరిగిన రోజు స్థలంలో సుత్తి దెబ్బల లెక్క చూసిన ఇంజినీరు సంతకం, బోరు ఛాయాచిత్రం, స్థల అక్షాంశ రేఖాంశాలు లేనిదే నివేదికను స్వీకరించరాదన్న నిబంధన పెడితే మొక్కుబడికి చాలావరకు తెరపడుతుంది.

నివేదిక చేతికి వచ్చాక ఇవి చూడండి

* బోరు ఎక్కడ దించారో చూపే పటం, పరీక్ష తేదీ ఉన్నాయా?
* ప్రతి లోతు వద్ద మూడు 15 సెంటీమీటర్ల దెబ్బల సంఖ్యలు విడివిడిగా రాశారా?
* జలమట్టం ఎంత లోతున ఉంది? వానాకాలంలో ఎంతవరకు రావచ్చునో చెప్పారా?
* నల్లమట్టి అయితే ఉబ్బు పరీక్షల ఫలితాలు ఉన్నాయా?
* భారవాహక శక్తితో పాటు ఎంత కుంగవచ్చునన్న అంచనా ఉందా?
* పునాది రకం, లోతు స్పష్టంగా సూచించారా?

ఈ ఆరింటిలో ఏది లోపించినా సంతకం చేసిన ఇంజినీరును అడగవలసిందే. కాంక్రీటు పోశాక అడిగే ప్రశ్నకు పగులే సమాధానమవుతుంది. గొయ్యి తీయకముందే ఆ ప్రశ్న వేయడం యజమానుల బాధ్యత. దానికి నిజమైన జవాబు వచ్చేలా చూడటం పురపాలక, పంచాయతీరాజ్, గృహనిర్మాణ శాఖల బాధ్యత. వచ్చే వేసవిలో మళ్లీ పునాదులు తీసే కాలానికి ముందైనా అధికారులు ఈ దిశగా కదలాలని నిర్మాణదారులు, లబ్ధిదారులు కోరుతున్నారు.